గంట కొట్టే మందు, గంట వినపడనివ్వని మందు

2021 ఏప్రిల్ నెలాఖరు, కోవిడ్ సెకండ్ వేవ్ గుర్తుందా? ఆక్సిజన్ సిలిండర్ కోసం, రెమ్‌డెసివిర్ కోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసుకుంటూ గడిపిన రోజులు. ఆ గోలలో ఒక విచిత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏప్రిల్ 23న జైడస్ వాళ్ల విరాఫిన్‌కి మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ డీసీజీఐ అత్యవసర అనుమతి ఇచ్చింది. అది ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, అంటే వైరస్ వచ్చిందని ఒంట్లో కణాలకి గంట కొట్టి చెప్పే ప్రొటీన్. రెండు వారాలు తిరక్కముందే మన హైదరాబాద్ నాట్కోకి బారిసిటినిబ్ మాత్రల అనుమతి వచ్చింది, ఇదేమో ఇంటర్‌ఫెరాన్ సిగ్నల్‌ని (ఇంకొన్ని సిగ్నళ్లతో పాటు) కణం లోపలే అడ్డుకునే మందు. ఒకే జబ్బుకి గంట కొట్టే మందొకటి, కొట్టినా వినపడకుండా చేసే మందొకటి!

పిచ్చితనం కాదు. జబ్బు ఎన్నో రోజున ఉందన్నదే అసలు తేడా.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కోడిగుడ్డు పొర మీద ఫ్లూ వైరస్‌తో పనిచేస్తూ ఈ ఇంటర్‌ఫెరాన్‌ని కనిపెట్టారు. వైరస్ సోకిన కణం దీన్ని బయటికి వదులుతుంది, పక్క కణాల మీదున్న రిసెప్టర్‌కి (సిగ్నల్ అందుకునే ప్రొటీన్‌కి) అది తగలగానే లోపల జాక్, స్టాట్ అనే ప్రొటీన్లు కదిలి వందల జన్యువుల్ని ఆన్ చేస్తాయి. వాటిలో ఐఫిట్‌ఎం3 వైరస్‌ని గుమ్మం దగ్గరే ఆపుతుంది, ఎంఎక్స్‌ఏ లోపలికొచ్చిన ఫ్లూ వైరస్ పిల్లలు పెట్టకుండా చూస్తుంది. వైరస్ మాత్రం ఊరుకుంటుందా? ఫ్లూకి ఎన్ఎస్1, కోవిడ్ వైరస్‌కి ఓఆర్ఎఫ్6 ఉన్నది ఈ సిగ్నల్‌ని నొక్కేయడానికే.

నొక్కేస్తే సిగ్నల్ ఆలస్యంగా వస్తుంది. చిక్కంతా అక్కడే. పాత సార్స్ వైరస్‌తో ఎలుకల మీద చేసిన 2016 పరిశోధనలో, ముందే ఇంటర్‌ఫెరాన్ ఇస్తే ఎలుకలు బతికాయి. వైరస్ బాగా పెరిగాక ఆలస్యంగా మొదలైన ఇంటర్‌ఫెరాన్ మాత్రం ఊపిరితిత్తుల్లోకి తెల్లకణాల గుంపుల్ని రప్పించి, వాపు పెంచి, ఎలుకల ప్రాణం తీసింది. వైరస్ ఎంత చెడ్డదో ఆ ఆలస్యమూ అంతే చెడ్డది.

మనుషుల్లోనూ దీనికి రుజువుంది. 2020లో ప్రాణాల మీదికొచ్చిన 987 మంది కోవిడ్ రోగుల రక్తం చూస్తే 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు దొరికాయి. వాళ్లలో 95 మంది మగవాళ్లే. ఆ యాంటీబాడీలూ ఇమ్యూనిటీలో భాగమే మరి. కషాయాలతో 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అని ఊదరగొట్టినవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలనిపిస్తుంది నాకు.

ఇక మందుల సంగతి. డబ్ల్యూహెచ్‌వో సాలిడారిటీ ట్రయల్‌లో ఆస్పత్రిలో చేరినవాళ్లకి ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చారు. ఇచ్చిన 2,050 మందిలో 243 మంది, ఇవ్వని 2,050 మందిలో 216 మంది చనిపోయారు, అంటే లాభం సున్నా. కానీ టుగెదర్ అనే ఇంకో ట్రయల్‌లో లక్షణాలు మొదలైన ఏడు రోజుల్లోపు ఇంటర్‌ఫెరాన్‌లోనే ఇంకో రకమైన లాంబ్డా ఒక్క ఇంజెక్షన్ ఇస్తే, ఆస్పత్రి పాలైనవాళ్లు 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. లాంబ్డా రిసెప్టర్లు ముఖ్యంగా శ్వాసనాళాల పైపొర లాంటి చోట్లే ఉంటాయి కాబట్టి ఒళ్లంతా గగ్గోలు పుట్టదు. అలాగని అమృతమేమీ కాదు, ఎక్కువ రోజులు సాగితే దెబ్బతిన్న పొర మానడాన్ని అదే ఆపుతుందని ఎలుకల్లో తేలింది. ముదిరి ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి పనికొచ్చింది బారిసిటినిబ్: బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో మరణాలు సుమారు 13 శాతం తగ్గాయి.

ఒంటి ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్లదీ ఇదే కథ. ఆక్సిజన్ అవసరమైనవాళ్లని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కాపాడింది, అవసరం లేనివాళ్లకి ఏ మేలూ చేయలేదు. సెకండ్ వేవ్‌లో వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీ చూసి జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మింగినవాళ్లు ఎంతమందో! వైరస్‌ని ఆపాల్సిన గంటని మనమే మోగనివ్వకుండా చేసుకున్నట్టు.

లాంబ్డా ఇంజెక్షన్ ఏమైందంటారా? అమెరికా ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతికి ఒప్పుకోలేదు, తయారుచేసిన ఐగర్ కంపెనీ 2024లో దివాలా తీసింది. ముదరకముందే వేయాల్సిన మందుకి మార్కెట్ కూడా కష్టమే మరి, మూడో రోజు జ్వరానికి మనలో ఎంతమంది పారాసెటమాల్ దాటి వెళ్తున్నాం?