స్వతంత్రుడి దరఖాస్తు (రుసుము చెల్లించడమైనది)

ఫ్రీలాన్సర్లకు కృతజ్ఞత లేదన్నది నా స్థిరమైన అభిప్రాయం. విడివిడి పనులు ఇచ్చేవాళ్లనూ చేసేవాళ్లనూ కలిపే ఆన్‌లైన్ గిగ్ మార్కెట్ల మీద పొద్దస్తమానం పడి ఏడుస్తుంటారు. నేనూ ఆ జాతివాణ్ణే, అనువాదాలు చేసుకుని బతుకుతాను. కానీ నా మార్కెట్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉన్నా చెప్పుకునే చోటు లేదు కాబట్టి లేనట్టే లెక్క.

మా పేరులోనే ఎంత పౌరుషం ఉందో చూడండి. ఫ్రీలాన్స్ అన్న మాట 19వ శతాబ్దపు ఇంగ్లిషులో కిరాయి సైనికుడి కోసం పుట్టింది. లాన్స్ అంటే బల్లెం. ఏ రాజుకూ కట్టుబడని బల్లెం, కూలి ఎవరిస్తే వాళ్ల తరఫున యుద్ధం. అతనికీ నాకూ తేడా ఒక్కటే. "ప్రభూ, నన్ను యుద్ధానికి తీసుకోండి" అని అడగడానికి అతను కోట గుమ్మం దగ్గర టోకెన్లు కొనుక్కోలేదు. నేను కొనుక్కుంటాను. పని అడగడానికి కొన్ని టోకెన్లు, అడిగిన సంగతి పైవరసలో కనబడాలంటే ఇంకొన్ని. ఒక పనికి యాభై మంది అడిగితే దొరికేది ఒకరికి. ఒక్కోసారి ఆ ఒక్కరికీ దొరకదు, పని పెట్టినాయన ఆ సంగతే మర్చిపోయి వెళ్లిపోతాడు. టోకెన్ల డబ్బు మాత్రం ఎక్కడికీ పోదు, మార్కెట్ దగ్గర భద్రంగా ఉంటుంది. పని దొరకనివాడి దగ్గర కూడా సంపాదించడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

కొత్తగా చేరేవాళ్ల కోసం ఇంకో ఏర్పాటుంది. రివ్యూ లేనివాడికి పని ఇవ్వరు, పని చేయనివాడికి రివ్యూ రాదు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అని మన పెద్దలు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది మాత్రం ఇప్పుడే.

మా కూలిలో మార్కెట్ తీసుకునే కమీషన్ గురించి చాలా అపోహలున్నాయి. ఫైవర్ అనే మార్కెట్ 2010లో మొదలైనప్పుడు పని ఏదైనా ఐదు డాలర్లే, ఆ పేరూ అలాగే వచ్చింది. ఐదులో ఒకటి సైటుది. రేట్లు ఎక్కడికో వెళ్లాయి గానీ ఆ 20 శాతం ఇంకా అక్కడే ఉంది. ఈ చంచల ప్రపంచంలో అంత నిలకడ ఇంకెవరికుంది? అప్‌వర్క్ అనే ఇంకో మార్కెట్‌ది వేరే స్వభావం, వైవిధ్యం ఇష్టం. 2016లో ఒక్కో క్లయింటు నుంచి వచ్చే మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, అక్కడి నుంచి 10,000 దాకా 10, ఆపైన 5 అని పెట్టింది. 2023లో అందరికీ 10 చేసింది. ఏళ్లతరబడి ఒకే క్లయింటును నమ్ముకుని 5కు దిగినవాళ్లు మళ్లీ 10కి ఎక్కారు, ప్రమోషన్ అనుకోవాలి. 2025 నుంచి సున్నాకీ 15కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అన్నట్టు, రేట్లు మారినప్పుడు వచ్చే ఈమెయిళ్లంటే నాకు మహా ఇష్టం. నా మేలు గురించి అంత శ్రద్ధగా మా ఇంట్లోవాళ్లు కూడా రాయరు.

ఇక అసలు విషయానికొస్తాను. 1770లో వియన్నా ఆస్థానంలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని ప్రదర్శించాడు. తలపాగా చుట్టుకున్న తురుష్కుడి (టర్క్) బొమ్మ, దాని ముందు పెద్ద పెట్టె. బొమ్మ చెయ్యి కదిపి ఎత్తు వేస్తుంటే జనం నోరెళ్లబెట్టారు. పెట్టెలో ముడుచుకు కూర్చున్న మనిషి ఆడుతున్నాడని తర్వాత తేలింది. 2005లో అమెజాన్, యంత్రాలకు చేతగాని చిల్లర పనులు మనుషులతో చేయించే సైటు ఒకటి తెరిచి, ఆ యంత్రం పేరే పెట్టింది: మెకానికల్ టర్క్. దాచుకోకుండా బోర్డు మీదే రాసుకోవడం నాకు నచ్చింది. మిగతావాళ్లకు అంత ధైర్యం లేదు.

ఈమధ్య నేను ఉండేది ఆ పెట్టెలోనే. "అనువాదం మెషీన్ చేసేసింది, మీరు ఊరికే ఒకసారి చూస్తే చాలు" అంటూ ఒక క్లయింటు వాషింగ్ మెషీన్ మాన్యువల్ పంపాడు. చూడటమే కాబట్టి రేటు పావు వంతు. చూశాను. "ఖాళీగా పరిగెత్తవద్దు" అని ఉంది. పోనీ ఆరోగ్య సూత్రం అనుకున్నాను. తర్వాతి పేజీలో "పిల్లవాడికి తాళం వేసి మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి" అని ఉంది. చైల్డ్ లాక్ అన్నమాట. మూడు రాత్రులు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా తిరగరాసి పంపితే, క్లయింటు సంబరపడిపోయాడు: "చూశారా, మెషీన్ ఎంత బాగా చేసిందో!"

అదే మాన్యువల్‌లో కస్టమర్ కేర్ నంబరు ఒక అంకె తప్పు పడింది. మనస్సాక్షి ఊరుకోక, సరైన నంబరు రాసి మెసేజ్ పెట్టాను. మరుక్షణం మార్కెట్ నుంచి హెచ్చరిక: ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని బయట బేరాలు కుదుర్చుకోవడం నిషిద్ధం, ఇంకోసారి చేస్తే ఖాతా మూసేస్తాం. నేను వాషింగ్ మెషీన్‌తో బేరం కుదుర్చుకోవడం లేదని సపోర్టుకు రాసుకున్నాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది. అడిగిన రెండు సెకన్లకే చింతించారంటే ఎంత సున్నిత మనస్కులో!

పనికి నాలుగు నక్షత్రాలొచ్చాయి. "అద్భుతం. ఐదోది దేవుడికే" అని రాశాడు క్లయింటు. భక్తిపరుడు. ఐదుకు నాలుగంటే బడిలో ఫస్ట్ క్లాసు. ఇక్కడ మాత్రం నేరచరిత్ర. వెతికితే రెండో పేజీలో కనిపించేవాణ్ణి, ఇప్పుడు నన్ను నేనే వెతుక్కోలేకపోతున్నాను. పోనీ డబ్బైనా వచ్చిందా అంటే, క్లయింటు ఇచ్చేశాడు, మార్కెట్ ఇంకా ఇవ్వలేదు. రెండు వారాలు దగ్గర పెట్టుకుని చూసి ఇస్తుందట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, పూజారిని అనడం తప్పు. వరంలో వాటా తీసుకుంటున్నాడు కదా, లెక్క చూసుకోవద్దూ?

ప్రస్తుతం గంటల లెక్కన ఇంకో పని చేస్తున్నాను. దీనికి టైమర్ ఉంటుంది. అది పది నిమిషాలకోసారి, ఎప్పుడన్నది చెప్పకుండా, నా స్క్రీన్ ఫొటో తీసి క్లయింటుకు చూపిస్తుంది. స్వతంత్రుణ్ణి కాబట్టి ఈ పహరా. ఉద్యోగస్తుణ్ణయితే మేనేజరు అప్పుడప్పుడు కునుకైనా తీసేవాడు.

ఈ వ్యాసం మొదలుపెట్టేముందు టైమర్ ఆపడం మర్చిపోయానని ఇప్పుడే చూశాను. "ఫ్రీలాన్సర్లకు కృతజ్ఞత లేదు" అన్న వాక్యం దగ్గర ఒక ఫొటో, పిల్లవాడికి తాళం దగ్గర ఒక ఫొటో పడ్డాయి. కావాలంటే వాటిని తీసేయొచ్చు, కానీ ఫొటోతో పాటు ఆ పది నిమిషాల కూలీ కూడా పోతుంది. తీయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆ ఆలోచించిన సేపు కూడా టైమర్ ఆపలేదు.