ముందు బాకీ, తర్వాతే దానం

బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో బ్రిటన్ చేసిన చట్టం 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. అప్పటి ప్రభుత్వ ఏడాది ఖర్చులో అది దాదాపు 40 శాతం. ఆ డబ్బంతా బానిసల యజమానులకే ముట్టింది. తరతరాలుగా కూలి లేకుండా చాకిరీ చేసినవారికి ఒక్క పౌండు దక్కలేదు. పైగా పని నేర్చుకోవడం పేరిట 1838 దాకా పాత యజమానుల దగ్గరే వారానికి 45 గంటల వరకూ జీతం లేకుండా పనిచేయాల్సి వచ్చింది. ఆ పరిహారం కోసం తెచ్చిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. బ్రిటన్‌లో స్థిరపడిన బానిసల వారసులు కూడా తమ పన్నులతో ఆ అప్పు తీర్చారన్నమాట.

సంపద పంపిణీ మీద చర్చ ఎప్పుడూ పోగుపడిన సొమ్ములో ఎవరికెంత అన్న దగ్గరే మొదలవుతోంది. అది ఎలా పోగుపడిందో తేల్చకుండా వాటాలు వేస్తే ఇలాంటి అన్యాయమే చట్టబద్ధమవుతుంది.

కొత్త వస్తువో సేవో అందించి సంపాదించేవారున్నారు. నేల, గని, లైసెన్సు తమ చేతిలో ఉన్నందుకు ఆదాయం పొందేవారున్నారు. ఎదుటివారికి రావాల్సింది ఆపి మిగుల్చుకునేవారూ ఉన్నారు. లెక్కల పుస్తకంలో ఈ మూడూ లాభం అనే ఒకే పద్దు కింద కలిసిపోతాయి.

మూడోదాన్ని పట్టుకోవడం కష్టం. పెద్ద కంపెనీకి చిన్న తయారీదారు 100 రూపాయల సరుకు పంపాడనుకుందాం. అందులో అతని మిగులు 8 రూపాయలు. గడువు దాటాక మరో మూడు నెలలు బిల్లు ఆగితే, ముడిసరుకు కోసం 18 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు మీద నాలుగు రూపాయల దాకా వడ్డీకే పోతుంది. లాభంలో సగం ఆవిరి. పెద్ద కంపెనీ మాత్రం వడ్డీ లేని అప్పు వాడుకున్నట్టే. ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు చట్టంలో ఉన్నా, అడిగితే తర్వాతి ఆర్డరు రాదన్న భయంతో చిన్నవాడు నోరు మెదపడు. కార్మికుల జీతంలోంచి కోసిన భవిష్యనిధి (పీఎఫ్) సొమ్మును జమచేయకుండా వాడుకునే యాజమాన్యాలదీ ఇదే దారి. అక్కడ మిగిలిన సొమ్ముతో ఆసుపత్రి కట్టించినా, అది బాకీ ఉన్నవారికి చెల్లింపు కాదు. రోగికి మేలు జరుగుతుంది, సందేహం లేదు. బిల్లు రాక షెడ్డు మూసుకున్నవాడికి ఆ మేలుతో పనేముంది?

గనులు, చమురు, భూమి విలువ పెరుగుదల లాంటి రెండో రకం రాబడిలో సమాజానికి వాటా ఉండాలి. ఆ వాటా ఇచ్చేవారి దయ మీద ఆధారపడకూడదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు మొదలైన భూదానం గొప్ప మనసుల ఉద్యమం. కానీ సర్వే, హద్దులు, పట్టా మార్పిడి పూర్తికాని భూమి పేదవాడి చేతికి చేరలేదు. దానపత్రం మీద సంతకం ఒక్కరోజు పని, రికార్డులో పేరు ఎక్కించడమే అసలు పని.

అమెరికాలోని అలాస్కా మరో దారి పట్టింది. ఖనిజాల రాయల్టీల్లో, అంటే తవ్వుకునేవారు ప్రభుత్వానికి కట్టే వాటాలో, కనీసం 25 శాతం శాశ్వత నిధికి చేర్చాలని 1976లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. 1982 నుంచి నివాసులకు ఏటా డివిడెండ్, అంటే ఆ నిధి రాబడిలో వాటా, అందుతోంది. లోపం అక్కడా ఉంది. నిధి అసలుకు రాజ్యాంగ రక్షణ ఉంది కానీ డివిడెండ్‌కు లేదు. 2016లో గవర్నరు అందులో దాదాపు సగానికి కోత పెడితే, మరుసటి ఏడాది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

కంపెనీలు తమ విరాళాల మొత్తాన్ని వార్షిక నివేదికలో ఘనంగా అచ్చువేసుకుంటాయి. ఆ పేజీలోనే సరఫరాదారులకు సగటున ఎన్ని రోజులకు డబ్బు చెల్లించారో, జీతాలు, భవిష్యనిధి బకాయిలెంతో, పన్ను వివాదాల్లో ఎంత సొమ్ము ఇరుక్కుందో కూడా వేయడం తప్పనిసరి చేయాలి. కాంట్రాక్టరు ద్వారా తెచ్చుకున్న కార్మికుల బకాయిలనూ అందులో కలపాలి. లేకపోతే భారమంతా కాంట్రాక్టరు మీదికి నెట్టి, మా దగ్గర బకాయి సున్నా అని రాసేస్తారు. ఈ అంకెల మీద ఆడిటరు సంతకం ఉండాలి, బిల్లు వయసును సరుకు అందిన తేదీ నుంచే లెక్కగట్టాలి. బిల్లును ఆమోదించిన తేదీ నుంచి లెక్కిస్తే, ఆమోదాన్నే నెలల తరబడి తొక్కిపెడతారు.