గడియారం గీయలేకపోతే అల్జీమర్సేనా?

వరంగల్, కరీంనగర్ ప్రాంతపు కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం పదేపదే తిరుగుతోంది. అరవై దాటిన పెద్దలకు కాగితమిచ్చి పదకొండు గంటల పది నిమిషాలు చూపే గడియారం గీయించాలట. గీయలేకపోతే అల్జీమర్స్ మొదలైనట్టు, గీస్తే ఏ భయమూ లేనట్టు, నెలనెలా ఇలా చూసుకుంటే డాక్టరుతో పనే లేదట. గడియారం గీయించడం వైద్యులు వాడే పద్ధతే కాబట్టి ఈ సందేశం నమ్మదగినదిగా కనిపిస్తుంది.

మొదటి మాట, గీయలేకపోతే అల్జీమర్స్ అన్నది. అమెరికాలో 2000లో వచ్చిన, జ్ఞాపకశక్తిని చూసే మినీ-కాగ్ అనే చిన్న పరీక్షలో మూడు మాటలు చెప్పి, గడియారం గీయించి, మళ్లీ ఆ మాటలు అడుగుతారు. గడియారానికి 2, మాటలకు 3, మొత్తం 5 మార్కులు. మూడుకు తగ్గితే మరింత పరీక్షించాలని మాత్రమే అర్థం. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, దిగులు జబ్బు పట్టినా, చెవి సరిగా వినపడకపోయినా, కంటిలో శుక్లాలున్నా మార్కులు పడిపోవచ్చు.

మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు చదువు. చిన్ననాటి నుంచి బీడీలు చుట్టి, పెన్సిల్ పట్టి ఎరుగని జగిత్యాల అవ్వ గడియారం గీయలేకపోతే ఆశ్చర్యమేముంది? తేదీ అడిగితే ఆమె "పెత్రమాస పోయి మూడొద్దులాయె" అంటుంది. నూటికి రెండు రూపాయల మిత్తి చొప్పున ఏడు నెలలకు ఎంతవుతుందో నోటితోనే చెబుతుంది. ఆమెకు సున్నా వేసిన పరీక్ష కొలిచింది బడి చదువునే. ఈ ఇబ్బంది వైద్యులకు కొత్తదేమీ కాదు: జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని చూసే 1975 నాటి 30 మార్కుల ఎంఎంఎస్ఈ పరీక్షను నిరక్షరాస్యులకు తగినట్టు మార్చి, హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణుల కోసం 1995లో హిందీ రూపం తెచ్చారు. ఏసీఈ అనే మరింత సవివరమైన పరీక్షకు హైదరాబాద్ నిమ్స్ వైద్యులు తెలుగు రూపం సిద్ధం చేశారు.

ఇక అందరికీ ఇంట్లోనే పరీక్ష చేయడం సంగతి. మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా (అల్జీమర్స్ సహా మతి తగ్గించే జబ్బులు) ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. వెయ్యిమందిలో 74 మంది అనుకోండి. జబ్బున్న నూరుగురిలో ఎనభైమందిని పట్టుకొని, లేని నూరుగురిలో ఎనభైమందిని సరిగా వదిలిపెట్టే పరీక్ష మన చేతిలో ఉందనుకున్నా, దొరికేది 59 మంది, ఉత్తపుణ్యానికి బెంబేలెత్తేది 185 మంది, తప్పిపోయేది 15 మంది. ముందస్తు వైద్య పరీక్షలపై సలహాలిచ్చే నిపుణుల బృందమైన అమెరికా నివారణ సేవల కార్యదళం, లక్షణాలు లేని వృద్ధులకు ఇలాంటి పరీక్షలు చేయాలని గాని వద్దని గాని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2020లో తేల్చింది. పైగా నెలనెలా గీయిస్తే చేయి అలవాటుపడుతుంది.

గీస్తే భయం లేదన్న భరోసాయే, నా దృష్టిలో, అన్నింటికంటే ప్రమాదకరం. పదవీ విరమణ చేసిన లెక్కల పంతులుగారు తప్పు లేకుండా గడియారం గీసి, అప్పటికే కట్టిన కరెంటు బిల్లే మళ్లీ కడుతుండవచ్చు. ఆస్ట్రేలియాలో 2002లో సాధారణ వైద్యుల కోసం తయారైన జీపీకాగ్ అనే పరీక్ష అందుకే రోగితో పాటు దగ్గరివారినీ అడుగుతుంది: ఇటీవలి సంగతులు మునుపటికంటే ఎక్కువ మరచిపోతున్నారా, మాటకోసం వెతుక్కుంటున్నారా, డబ్బు వ్యవహారం, మందులు సొంతంగా చూసుకోగలుగుతున్నారా అని. వీటికి జవాబు కోడలి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది.

మార్పు కనిపిస్తే గడియారం బాగా గీసినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాడుతున్న మాత్రలన్నీ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి సహా, సంచిలో వేసుకొని పోవాలి. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మందులు జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి కనుక, డాక్టరు చూడవలసిన మొదటి వస్తువుల్లో ఆ సంచి ఒకటి.