తరచూ పదవీ విరమణ చేసే సెల్ఫ్ మోటారు గారికి

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు,
జెట్టీ దగ్గర నుంచి.

మహారాజశ్రీ సెల్ఫ్ మోటారు గారి దివ్య సముఖమునకు,

సోనా రకం చేపల మరబోటు డ్రైవరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఎందుకంటే ఇంకా జెట్టీకే కట్టి ఉన్నాం. ఇంజనును మొదట తిప్పి లేపాల్సిన తమరు క్షేమంగా లేరన్న సంగతి తాళం తిప్పగానే తెలిసింది.

తమ వంశవృక్షం ఓనరు గారి ఇంట్లో మంచం కింద గోనెసంచిలో ఉంది. లోపల తిరిగే తీగ చుట్టల ఇరుసు, అదే ఆర్మేచర్, కాలిపోయినది ఒకటి; ఇంజను పళ్లచక్రాన్ని పట్టుకు తిప్పి వదిలేసే బెండిక్స్, పళ్లు అరిగినది ఇంకొకటి; ఆర్మేచర్‌కు కరెంటు అందించే బ్రష్షులు, నల్లబడ్డవి ఎన్నో. వీరంతా తమ కుర్చీలో తమకంటే ముందు కూర్చున్నవారే. అందరి మీదా నేరం ఒకటే, 'సెల్ఫ్ వీక్'. శిక్ష కూడా ఒకటే: నాలుగు బోల్టులు విప్పడం, వైండింగ్ షాపుకు పంపడం, వెండి రంగు పూయించి తెచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టడం. ఆ వెండి రంగు మహిమ ఏమిటోగానీ, అది వేశాక లోపల ఏం మార్చారని ఎవరూ అడగరు.

షాపులో తమ ప్రవర్తన గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ బల్ల మీద బిగించి, పక్కనే నిండా ఛార్జింగున్న బ్యాటరీ పెట్టి, మూరెడు లావుపాటి కేబులుతో కరెంటు ఇస్తే తమరు గిర్రున తిరుగుతారు. మేస్త్రి మా వైపు గర్వంగా చూస్తాడు. తిప్పాల్సిన ఆరు సిలిండర్ల ఇంజను అక్కడ లేదు. మా బోటులో ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానుతున్న కేబులూ అక్కడ లేదు. అలాంటప్పుడు ఎవరు మాత్రం తిరగరు? తీరా బోటులోకి తెచ్చి బిగిస్తే కొన్నాళ్లు బాగానే ఉండి, సరిగ్గా ఐసు నింపి, డీజిలు పోసి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాక 'టక్' అంటారు. రెండోసారి తిప్పితే 'టకటకటక'.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ తమకు సంపూర్ణ విశ్రాంతి. బ్యాటరీలు వాటంతటవే దిగిపోతాయి, బెండిక్స్ పళ్లచక్రం జారే షాఫ్టు తుప్పు పడుతుంది. తీరా హార్బరులో బోట్లన్నీ ఒకేసారి కదిలేవేళ తమకు నీరసం వస్తుంది. పక్క బోటు నుంచి "ఏటి బావా, సెల్ఫ్ మళ్లీ పోనాదేటి?" అని పలకరింపు. చేత్తో తిప్పి స్టార్టు చేసే చిన్న ఇంజన్ల తెప్పలవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ పోతూ చేయి ఊపుతారు. ఆ ఊపులో జాలి ఉందో వెటకారం ఉందో తమరే ఊహించుకోండి.

తమ పుట్టుక కథ మాత్రం గొప్పది. హ్యాండిలు తిప్పబోయి చేతులు విరగ్గొట్టుకునే కాలంలో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు తయారు చేస్తే, 1912 మోడలు కాడిలాక్ కారులో కొలువుకెక్కారు. కొద్ది సెకన్లు ఒళ్లొంచి పనిచేసి పక్కకు తప్పుకోవడం, ఇదీ ఉద్యోగం. ముప్పై సెకన్లకు మించి తిప్పకండి, ఆ తర్వాత రెండు నిమిషాలు చల్లారనివ్వండి అని ఇంజను పుస్తకాల్లో రాసి ఉంటుంది. మా బోటులో ఆ పుస్తకం చేపల లెక్క రాసుకోవడానికి పనికొస్తోంది. డీజిలు పైపులో గాలి చేరి ఇంజను అందుకోకపోతే, గాలి తీయడం మాని తాళం తిప్పి పట్టుకునే ఉంటారు. పొగ వచ్చేదాకా చేయి తీయరు. పొగ వచ్చింది గనక తప్పు తమదే.

తర్వాత వచ్చేది సుత్తి వైద్యం. కలాసీ ఒకడు స్పానరు పట్టుకుని తమ నడుం మీద నాలుగు దెబ్బలు వేస్తాడు. ఇరుక్కున్న బ్రష్షు కదిలి ఒక్కోసారి పనిచేస్తారు కూడా. అదే మా కొంప ముంచింది. దెబ్బకు పలికారని తేలాక మీటరు పెట్టి చూద్దామన్నవాడి మాట ఎవరు వింటారు?

అయినా పెట్టాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మనది 24 వోల్టుల బోటు, రెండు బ్యాటరీలు వరుసలో. తాళం తిప్పి పట్టుకోమని కలాసీకి చెప్పి బ్యాటరీ మీద చూస్తే 21 వోల్టులు. ఫరవాలేదు. అదే సమయంలో తమ టెర్మినలుకూ తమ ఒంటికీ మధ్య చూస్తే 15. దారిలో ఆరు వోల్టులు మాయం! మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస తమ ఒంటి మీద పెట్టి మళ్లీ తిప్పించాను. అరవోల్టు దాటకూడని చోట 4 వోల్టులు. దొంగ ఎర్త్ కేబులు, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజను దిమ్మకు కలిపే కేబులు, వైపే ఉన్నాడన్నమాట. మిగతా రెండూ పాజిటివ్ వైపు స్విచ్చూ, కేబులు కొసన బిగించే లగ్గులూ పంచుకున్నాయి.

ఆ ఎర్త్ కేబులును పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ పెద్దమనిషిలా ఉంది. లగ్గు దగ్గర తొడుగు కోసి చూద్దును కదా, లోపల రాగి లేదు. పచ్చటి పొడి రాలింది. మిగిలిన తీగలు నల్లబడి వేలితో వంచితే పుటుక్కున విరిగాయి. కళాయి పూత లేని రాగికి ఉప్పుగాలి తగిలితే ఇంతే. లోపలికి మూరెడు దాకా తినేసింది. 400 ఆంపియర్లు పోయేచోట ఓములో నూరో వంతు అడ్డు చాలు, 4 వోల్టులు అక్కడే హరీమంటాయి. అది 1600 వాట్లు, అంటే రెండు ఇస్త్రీ పెట్టెల వేడి, ఆ చిటికెడు లగ్గులో! చేయి పెడితే చురుక్కుమంది.

వోల్టేజీ అందక తమరు ఈడుస్తూ తిరుగుతారు, ఇంజను అందుకోదు, తాళం మీది చేయి కదలదు, తమరు కాలుతారు. తమకు కరెంటు వదిలే స్విచ్చు, అదే సోలినాయిడ్, టకటకలాడి లోపలి రాగి బిళ్లలు మాడి ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు ఇంజను అందుకున్నా తమరు వదిలి రాలేరు. ఇంజను ఒక చుట్టు తిరిగితే తమరు పది పైచిలుకు తిరగాలి. బెండిక్స్ కూడా తుప్పుతో బిగుసుకుంటే ఆర్మేచర్ చుట్టలు పిచ్చుకగూడులా బయటికొస్తాయి. గోనెసంచిలోని తమ పెద్దాయన పోయింది అలాగే. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే, కాకపోతే ఇక్కడ దుత్తకు వైండింగు బిల్లు కూడా వేశారు.

తమ నెత్తిన సముద్రపు నీళ్ల పంపు ఉన్న సంగతీ రాయాలి. దాని సీలు అరిగి చుక్కచుక్కగా తమ సోలినాయిడ్ మీదే కారుతోంది, తెల్లటి ఉప్పు పేరుకుంది. ఆ సీలు ఖరీదు తమ బ్రష్షుల ఖరీదుకు అటూ ఇటూ. అయినా ఇన్నాళ్లూ ఎవరూ మార్చలేదు. పంపు నీళ్లు తోడుతోంది కదా, దాని జోలికెందుకు అని.

కొత్త కేబులుకు డబ్బడిగితే ఓనరు గారు కళ్లెర్రజేశారు. "వైరుకి అన్నేలా? వైరేటి తిరుగుతాదా? కొత్త సెల్ఫ్ కావాలంటే చెప్పు, ఇప్పుడే తెప్పించేత్తాను" అన్నారు. ఉదార హృదయం. చివరికి వలల ఖర్చు కింద రాయించి, కళాయి పూసిన లావుపాటి కేబులు తెచ్చి, లగ్గులు నొక్కించి, ఇంజను దిమ్మ మీది రంగు గోకి, తళతళలాడే ఇనుము మీద బిగించాను. సీలు కూడా మార్చాను. తాళం తిప్పాను. తమరు తిరిగారు, ఇంజను అందుకుంది. తమ మొహాన కొత్త స్క్రూ ఒక్కటి కూడా పడలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
బోటు డ్రైవరు.

తా.క.: ఈసారి రిపేరుకిచ్చిన సెల్ఫ్ కలిసొచ్చిందని ఓనరు గారు జెట్టీ అంతా చెప్పుకుంటున్నారు. తమకు బొట్టు పెట్టి, దిష్టి తగలకుండా మిరపకాయలతో గుచ్చిన నిమ్మకాయ పైన వేలాడదీశారు. దాని రసం సరిగ్గా తమ పాజిటివ్ టెర్మినల్ మీద కారుతోంది. ఆయన భోజనానికి వెళ్లగానే తీసేస్తాను, అందాకా ఓపిక పట్టగలరు.