సన్మానం సంక్రాంతికి పెట్టుకుందాం

మొన్న వినాయక చవితికి ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగు సంఘం ఏ-లెవెల్ (ఇక్కడి ఇంటర్ అనుకోండి) రాసిన పిల్లలకు చేసిన సన్మానానికి వచ్చినవాళ్లకు మా అమ్మాయి ఫొటో గుర్తుండే ఉంటుంది. తెర మీద ఒక్కొక్కరి ఫొటో, దాని కింద యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు. మా అమ్మాయి ఫొటో కింద మాత్రం ఒక చిన్న గీత. సంఘం పంపిన ఆన్‌లైన్ ఫారంలో యూనివర్సిటీ గడికి ఎర్ర చుక్క పెట్టారు. అది నింపకపోతే ఫారం కదలదు. సీటు ఇంకా తేలలేదు కాబట్టి తను గీత గీసి పంపింది. వ్యాఖ్యాత గారు దాన్ని చూసి మైకులోనే అడిగారు: “ఇక్కడ పేరు పడలేదేమిటి? ఏ యూనివర్సిటీ తల్లీ?”

“రివ్యూకి పెట్టాం అంకుల్.”

“ఫర్వాలేదులే అమ్మా, వచ్చే ఏడు మళ్లీ రాద్దువుగానీ! అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!”

కొట్టారు. పులిహోర తింటున్నవాళ్లు ప్లేట్లు కింద పెట్టి మరీ కొట్టారు.

ఇంట్లో మెడిసిన్ ప్రయత్నం నడిచినవాళ్లకు ఫలితాల తర్వాతి ఆ రెండు వారాలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. మూడు ‘ఏ’లు అడిగిన చోట మాకు రెండే వచ్చాయి, కెమిస్ట్రీలో ‘బి’. రెండు మార్కుల తేడా. రివ్యూ అంటే పేపరు మళ్లీ చూడమనడం. పిల్ల నేరుగా అడగడానికి లేదు, బడి ద్వారానే వెళ్లాలి. గ్రేడు తగ్గినా సమ్మతమేనని ముందే సంతకం పెట్టాలి. సీటు దాని మీద ఆధారపడి ఉంటే 15 రోజుల్లో తేలుస్తారు. ఫలితాలు ఆగస్టు మధ్యలో వస్తాయి, సీటుకు పెట్టిన షరతులు నెరవేర్చడానికి గడువు ఆగస్టు 31. మధ్యలో బ్యాంకు సెలవు ఒకటి. గ్రేడు పెరిగినా అప్పటికి సీట్లు నిండిపోతే వచ్చే ఏడాది రమ్మనవచ్చు. పెరగకపోతే అక్టోబరు 15 లోపు కొత్త దరఖాస్తు, అంతకుముందే మళ్లీ మెడిసిన్ ప్రవేశ పరీక్ష, యూక్యాట్. ఏడాది క్రితం రాసినది కొత్త దరఖాస్తుకు చెల్లదు మరి! అందుకని పొద్దున్నే లేచి యూనివర్సిటీ దరఖాస్తులు చూసే యూకాస్ పేజీ తెరిచి చూసుకోవడం, మూసేసి యూక్యాట్ లెక్కలు ముందేసుకోవడం, ఇదీ మా అమ్మాయి దినచర్య. ఎవరి ఫోను మోగినా వాళ్లమ్మ పొయ్యి కట్టేసి వచ్చేది. హాస్టల్‌కని కొన్న గిన్నెలూ దుప్పట్లూ అట్టపెట్టెల్లోనే మేడమీద ఉండిపోయాయి.

మన ఊళ్లలో ఆలస్యాలు ఇంతకంటే పెద్దవి. 2024లో నీట్ ఫలితాలు జూన్ 4న వచ్చాయి. లీకుల గొడవ సుప్రీంకోర్టుకు వెళ్లింది, మళ్లీ పరీక్ష అక్కర్లేదని కోర్టు చెప్పేసరికి జులై 23 అయింది, కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి ఆగస్టు. 23 లక్షల మందికి పైగా రాసిన పరీక్ష అది. ఆ రోజుల్లో గుంటూరులో మా అక్క వాళ్ల అపార్టుమెంటులో లిఫ్టు దగ్గర ఇద్దరు కలిస్తే ఇదే మాట: “ఇంకా తేల్చలేదట చూశారా!” తిట్లన్నీ ఢిల్లీకే. మా మేనల్లుడు హాయిగా క్రికెట్ ఆడుకున్నాడు. ఇక్కడ మాత్రం “మీ అమ్మాయికి ఇంకా రాలేదా?” అని అడుగుతాం. ఆలస్యం మార్కులు వేసినవాళ్లదే అయినా, అడిగే తీరులో తప్పు పిల్లదైపోతుంది.

అలాగని మన ఊళ్లను ఆకాశానికి ఎత్తను. ర్యాంకుల ఫ్లెక్సీలు మనవే. టీవీలో ఊపిరి తిప్పుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అని చదివే కార్పొరేట్ కాలేజీల ప్రకటనలూ మనవే. ఆ ఫ్లెక్సీనే మనం విమానంలో తెచ్చుకుని గణపతి పక్కన కట్టుకున్నాం. మేనల్లుడి అపార్టుమెంటులోని ఆ తోడును మాత్రం తెచ్చుకోలేదు.

ఆ తోడు ఈ దేశంలో కూడా ఒక్కసారి కనిపించింది. కోవిడ్ వల్ల పరీక్షలు జరగని 2020లో, ఆగస్టు 13న, కంప్యూటర్ సూత్రం ఒకటి ఇంగ్లండులో ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతాన్ని తగ్గించేసింది. నాలుగు రోజులకే, 17న, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తీరా అర్హత వచ్చాక మెడిసిన్ సీట్లు చాలక కొందరిని మరుసటి ఏడాదికి ఆగమన్నారు. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ ఎవరి పిల్లలనూ నిలదీయలేదు. అందరం కలిసి మంత్రిగారినే తిట్టుకున్నాం. (కోవిడ్ వల్ల సన్మాన వేదిక లేకపోవడం కూడా కలిసొచ్చింది లెండి.)

కార్యవర్గం కష్టం నాకు తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ, వారాంతాలు వదులుకుని, హాలు కోసం కౌన్సిల్ చుట్టూ తిరిగే మనుషులు. సీటు వచ్చిన పిల్లలకు చప్పట్లు దక్కాల్సిందే. వాళ్లూ రాత్రులు మేలుకున్నవాళ్లే. చవితికి చేయకపోతే సెప్టెంబరులో వాళ్లు వెళ్లిపోతారనీ, దసరాకు ఒక్కరూ దొరకరనీ కార్యదర్శి గారు నాతో అన్నారు. నిజమే. అందుకే సంక్రాంతి అంటున్నాను. క్రిస్మస్ సెలవులకు వచ్చినవాళ్లలో కొందరైనా ఇంకా ఇంట్లోనే ఉంటారు. మిగిలిన సీట్లు ఇచ్చే క్లియరింగ్‌లో వేరే కోర్సు పట్టుకున్న అబ్బాయికి అప్పటికి ఆ కోర్సు మీద ఇష్టమో కోపమో ఏర్పడి ఉంటుంది. ఏడాది ఆగిన అమ్మాయి కేర్ హోమ్‌లో పనిచేస్తూ ఇంటర్వ్యూలకు తయారవుతూ ఉంటుంది. వీళ్లందరినీ ఒకే వరుసలో పిలవండి. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరికీ ఒకే శాలువా, పేరు మాత్రమే చదవండి. చవితి రోజున వేదికకు బదులు గుమ్మం పక్కన ఒక బల్ల వేయించండి. రివ్యూలూ క్లియరింగులూ దాటి వచ్చిన పెద్ద పిల్లలు ఇద్దరు కూర్చుంటే చాలు, అడగదలచినవాళ్లు మైకు లేకుండా అడుగుతారు.

రివ్యూ ఏమైందని అడగబోతున్నవారికి: మీరు అడుగుతారనే ఇక్కడ రాయలేదు.

సంక్రాంతి కార్యక్రమంలో ఖాళీ లేదనే జవాబు వస్తుందని తెలుసు. మన దగ్గర భోగిపళ్లు ఎప్పుడూ గంట ఆలస్యంగానే మొదలవుతాయి. ఆ గంట ఈ పిల్లలకు ఇవ్వండి.