విందు రాత్రి 8 గంటలకు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా మేనత్త బహుమతి కొనడానికి ఎన్నడూ వెనుకాడదు గాని, దాని మీద చుట్టే కాగితానికి డబ్బు పెట్టడాన్ని మాత్రం మహాపాతకంగా భావిస్తుంది. చింపి పారేసేదానికి ఇరవై రూపాయలెందుకన్నది ఆవిడ వాదం. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. మెరుపు పూతా ప్లాస్టిక్ పొరా ఉన్న రంగు కాగితాలను పాత పేపర్లు కొనేవాడు కూడా ముట్టుకోడు. గుప్పిట్లో నలిపి వదిలితే ఉండగా నిలవకుండా మళ్లీ విచ్చుకునే కాగితం సాధారణంగా ఆ జాతిదే. మిఠాయి పెట్టెలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే ప్లాస్టిక్ పొరలను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించినప్పుడు, ఆ ఉత్తర్వును తనను సంప్రదించే రాశారన్నంతగా అత్త సంబరపడింది.

ఇటీవల పక్కింటి అబ్బాయి పెళ్లికి స్టీలు ఇడ్లీ పాత్ర ఇవ్వాలని నిర్ణయమైంది. అట్టపెట్టె లేకుండా తీసుకుంటే కొంత తగ్గిస్తానని కొట్టువాడు అనడమే ఆలస్యం, అత్త పాత్రను చంకనపెట్టుకొని వచ్చేసింది. పెట్టె ఉన్న వస్తువుకు కాగితం చుట్టడం పసిపిల్లల పని. గుండ్రటి పొట్ట, చెరో పక్క చెవులు, పైన గుమ్మటం లాంటి మూత, ఆ మూత మీద నల్లటి బొడిపె ఉన్న పాత్రకు కాగితం చుట్టాలంటే ఎక్కడికక్కడ ముడతలు పడుతుంది, చెవుల దగ్గర చిరుగుతుంది, బొడిపె దగ్గర ఓటమి ఒప్పుకుంటుంది.

ముందుగా ఇంట్లో పేరుకుపోయిన ఒడియా దినపత్రికలు పరిశీలనకు వచ్చాయి. వాటి సిరా చేతులకే అంటుతుంటే పట్టుబట్టలకు అంటదా అని మావయ్య ఆక్షేపించాడు. పాత క్యాలెండరు కాగితం దళసరిగా, నున్నగా, వెనక తెల్లగా ఉండి ఎంతో అనువైనదే గాని, మా ఇళ్లలో దేవుడి బొమ్మ లేని క్యాలెండరు దొరకదు. జగన్నాథుణ్ణి మధ్యకు మడవడానికి ఎవరికి చేతులొస్తాయి? అప్పుడు నేను జపానువారి ఫురోషికి సంగతి ఎత్తాను. ఒక్క చదరపు గుడ్డతో ఏ ఆకారపు వస్తువునైనా అందంగా ముడివేసే పద్ధతి అది. వృథా తగ్గించేందుకు 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కోయికే స్వయంగా దానిని ప్రచారం చేశారు. అత్త శ్రద్ధగా విని, “మూట కట్టుకొని బస్సెక్కితే పెళ్లికెళ్తున్నారనుకోరు, వలసెళ్తున్నారనుకుంటారు” అని జపానును ఒక్క వాక్యంతో తోసిపుచ్చింది.

చివరకు అడ్డాకులు గెలిచాయి. ఈ కొండల్లో పెద్ద చెట్లను అల్లుకొని పైకెక్కే అడ్డతీగ ఆకులను సవర మహిళలు కట్టలు కట్టి సంతకు తెస్తారు. నడుమ చీలి రెండు తమ్మెలుగా ఉండే ఆ వెడల్పాటి ఆకు ఎండితే పెళుసుగా ఉంటుంది గాని, నీళ్లు చిలకరించి తడిగుడ్డలో కాసేపు ఉంచితే తోలులా వంగుతుంది. అత్త ఆకు మీద ఆకు పేర్చి, చీల్చిన వెదురు పుల్లలతో కుట్టుకుంటూ, పాత్ర చెవుల దగ్గర కుచ్చిళ్లు పెట్టి, మూతపైన ఆకుల కొసలను పువ్వులా విప్పి, పసుపు దారంతో బిగించింది. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. అది ఎవరో ఆకలిగొన్న దేవతకు కట్టిన భోజనంలా కూడా ఉందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

పేరు చీటీకి కూడా ఖర్చు లేదు. పాత శుభలేఖ వెనకవైపు ఖాళీగా ఉన్నచోట చిన్న ముక్క కత్తిరించి, ఆశీస్సులూ పేర్లూ రాసి దారానికి వేలాడదీసింది. ఆ ముక్కకు ముందువైపు ఏమి అచ్చయి ఉందో ఎవరు చూస్తారు?

చూసినవాడు బస్సు డ్రైవరు. పెళ్లివారి బస్సు కాశీనగరం మీదుగా గుణుపురం చేరేదాకా, కుదుపులకు ఆకులు నలుగుతాయని అత్త ఆ బహుమతిని డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టించింది. దిగేటప్పుడు దానిని మావయ్య తెస్తాడని అత్త, అత్త తెస్తుందని మావయ్య పరస్పరం గౌరవించుకొని లోపలికి నడిచారు. గాలికి చీటీ తిరగబడింది. “విందు : రాత్రి 8 గంటలకు” అని ముచ్చటైన ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. డ్రైవరు క్రమశిక్షణ గల మనిషి. పెళ్లివారు తనకోసం ఇంత శ్రద్ధగా కట్టించి, వేళ కూడా రాసి పంపినప్పుడు ముందే విప్పడం మర్యాద కాదని, క్లీనరును కూడా ఆపి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడట.

సరిగ్గా ఎనిమిది దాటాక, వేదిక ఎక్కే వరుసలో అత్త వట్టి చేతులతో మావయ్య వైపు చూస్తున్న సమయంలో, క్లీనరు తెరిచిన ఇడ్లీ పాత్రను రెండు చేతులా పట్టుకొని మండపంలోకి వచ్చాడు. “పాత్ర పంపారు, బాగుంది బాబూ, మరి ఇడ్లీలేవి?” అని వాడు అడిగిన తీరులో కోపం లేదు, ఆకలే ఉంది. వంటవాళ్లలో ఒక దయామయుడు విషయం విచారించకుండా ఆ పాత్రలోనే రెండు గరిటెల దాల్మా, అంటే కూరగాయలు వేసి వండిన ఒడియా పప్పు, పోసేశాడు. ఆకులేవని అత్త అడిగితే, విస్తరాకులుగా పనికొస్తాయని డ్రైవరు అప్పటికే కడిగి సీటు మీద పరిచాడని తెలిసింది.

దాల్మా డ్రైవరుకు చేర్చి, పాత్రను కుళాయి దగ్గర తోమి తుడిచాక, దాన్ని అలా దిగంబరంగా ఇవ్వడం ఎలాగన్న సమస్య మిగిలింది. అత్త చూపు చుట్టూ తిరిగి మావయ్య భుజం మీద ఆగింది. ఆ భుజం మీద ఉన్నది బరంపురం పట్టు కండువా, కొన్నాక అదే మొదటిసారి వేసుకోవడం. ఆయన నోరు తెరిచేలోగా పాత్ర దాని నడుమ కూర్చుంది, కొసలు నాలుగూ లేచాయి, మూతపైని బొడిపె మీద చక్కటి ముడి పడింది. జపానువారు చూస్తే మెచ్చుకునేవారు.

వారం తిరగకుండానే పక్కింటావిడ గోడ అవతలి నుంచి అత్తను పిలిచింది. “పాత్ర సరేగానీ వదినా, దానికి చుట్టిన గుడ్డ ఎంత బాగుందో! కోడలు దాన్ని దేవుడి పీఠం మీద పరిచేసింది” అంది. లోపల మావయ్య పేపరు చదవడం ఆపి, పీఠం మీద పరిచినదాన్ని తిరిగి అడగవచ్చా అని నన్ను నెమ్మదిగా విచారించాడు.