అభ్యంతరాలుంటే తెలపండి!

నీటి చార్జీలు పెంచుతారట, అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపాలట. ఆ కాగితాన్ని మా వీధి చివరి కరెంటు స్తంభానికి అంటించారు. నేను కళ్లద్దాలు తెచ్చుకునేలోపు దాంట్లో సగం ఆవు తినేసింది. తిరుపతిలో ఆవును అదిలించే ధైర్యం ఎవరికుంది?

అసలు నీళ్లొస్తే కదా చార్జీ! కల్యాణి డ్యాం నిండిందని పేపర్లో చదివి సంబరపడతాం. మా కొళాయి మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి దగ్గి, రెండు బిందెలు నింపి నిద్రపోతుంది. మిగతా నీళ్లు ట్యాంకరువాడి దయ. అంటే ఒకే నీటికి రెండుసార్లు డబ్బు కడుతున్నాం.

ఇంటిపన్ను కథ ఇంకోటి. 2021లో రాష్ట్రంలో అద్దె విలువ పద్ధతి తీసేసి, ఆస్తి విలువను బట్టి పన్ను వేయడం మొదలుపెట్టారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమని ఊరడించారు. నిజమే కాబోలని ఊరుకున్నాను. తర్వాత లెక్క వేసి చూస్తే, ఏటా 15 శాతం చొప్పున పెరిగితే వెయ్యి రూపాయల పన్ను ఐదేళ్లకు 2,011 అవుతుంది. నా పెన్షనుకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు.

"ఊరికే రాయడమెందుకు, వాళ్లు చదువుతారా?" అంది మా ఆవిడ, పప్పులో ఇంకో గ్లాసు నీళ్లు పోస్తూ. అయినా రాశాను. మూడు ప్రతులు కావాలన్నారు. జిరాక్సుకు ఆరు రూపాయలైంది. అదీ ఈ నెల పద్దులో రాసుకున్నాను, నీటి ఖర్చు కిందే.